కేబుల్లో న్యూస్ ఛానల్ మాయమైంది. ఇది సెన్సార్ కాక మరేంటి?

రిమోట్‌రాణి
మా ఇంట్లో రోజూ పెట్టుకునే న్యూస్ ఛానల్ పోయిన వారం నుంచి రావట్లేదు. ఆ నంబరు నొక్కితే నల్ల తెర, "ఈ ఛానల్ అందుబాటులో లేదు" అని ఒక లైను. మేం డబ్బు కట్టిన ప్యాకేజీలో ఆ ఛానల్ పేరు ఉంది. కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "టెక్నికల్ ప్రాబ్లమ్ మేడమ్" అన్నారు. పక్క నంబర్లలో ఛానళ్ళన్నీ శుభ్రంగా వస్తున్నాయి. ఈ ఛానల్ ఒక్కటే ఈమధ్య ప్రభుత్వం మీద వరసగా కథనాలు వేసింది.

వాళ్ళు చెప్పేదంతా నాకు నచ్చుతుందని కాదు. చాలా రోజులు తిట్టుకుంటూనే చూస్తాను. కానీ నేను ఏం చూడాలో, ఏం చూడకూడదో ప్రభుత్వం తేల్చడం ఏంటి? మామూలు ప్రేక్షకులు చేయగలిగింది ఏమైనా ఉంటే తెలిసినవాళ్ళు చెప్పండి.

తాటిమట్ట
మీది ఏ రాష్ట్రం అని అడగను. రెండు చోట్లా ఇదే కథ. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి కేబుల్లో ఆగిపోయాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏబీఎన్, టీవీ5 వంతు. 2024లో ప్రభుత్వం మారగానే అక్కడే టీవీ9, ఎన్‌టీవీ, సాక్షి రావట్లేదని గొడవ. పార్టీలు మారతాయి, ఛానళ్ళు మారతాయి, నల్ల తెర మాత్రం అదే.

సూటిగా_సుబ్బు
ప్రభుత్వమే ఆపించిందని రుజువేంటి? తాటిమట్ట చెప్పిన వాటిలో చాలాసార్లు ప్రభుత్వాలు "మాకు సంబంధం లేదు, అది ఆపరేటర్ల నిర్ణయం" అన్నాయి కదా. కేబుల్ ఆయన వ్యాపారం ఆయనది. ఏ ఛానల్ వేయాలో ఆయన ఇష్టం.

లా_చదువుతున్నా
ఆయన ఇష్టం కాదండీ సుబ్బు గారూ. ట్రాయ్ (టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ) 2017 నిబంధనల ప్రకారం ఛానల్ సిగ్నల్ ఆపాలంటే కారణం రాసి, కనీసం మూడు వారాల ముందు నోటీసు ఇవ్వాలి. చూసేవాళ్ళకి కూడా ముందే తెలియజేయాలి. రిమోట్‌రాణి గారూ, మీకు స్క్రోలింగ్ గానీ మెసేజ్ గానీ ఏదైనా వచ్చిందా?

రిమోట్‌రాణి
ఏమీ రాలేదు. రాత్రి వచ్చింది, పొద్దున లేదు. అంతే.

కేబుల్‌కుర్రాడు
నేను ఎల్‌సీఓని, అంటే ఇళ్ళకి వైర్లు వేసే లోకల్ కేబుల్ ఆపరేటర్‌ని. ఊరు చెప్పను, అర్థం చేసుకోండి.

సుబ్బన్నా, రుజువు అడిగారు కాబట్టి ఇది ఎలా జరుగుతుందో చెప్తాను. కాగితం ఎప్పుడూ రాదు. మాకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీని ఎంఎస్ఓ అంటారు. వాళ్ళ హెడ్‌ఎండ్‌లోనే, అంటే సిగ్నల్ బయల్దేరే కేంద్రంలోనే, ఆ ఛానల్ ఆగిపోతుంది. మా చేతిలో స్విచ్ కూడా ఉండదు. పొద్దున్నే కస్టమర్లు ఫోన్లు మొదలుపెడితే అప్పుడు మాకు తెలుస్తుంది. ఎంఎస్ఓని అడిగితే "పైనుంచి చెప్పారు, కొన్నాళ్ళు ఆగు" అంటారు. పైన అంటే ఎవరు అని అడగం. మా వైర్లన్నీ కరెంటు స్తంభాల మీదే వెళ్తాయి. ఆ స్తంభాలకి అద్దె, పర్మిషన్ ఉంటాయి. చాలామందికి పాత బకాయిలు కూడా ఉంటాయి. ఎవరైనా గట్టిగా మాట్లాడిన మర్నాడు స్తంభాల మీద అక్రమ కేబుళ్ళు తొలగిస్తున్నామని నిచ్చెన బండి వస్తుంది. కోసేసిన కేబుల్ మళ్ళీ కలిపేసరికి సగం కనెక్షన్లు డీటీహెచ్‌కి పోతాయి.

మొత్తం ఆపకుండా చేసే పని ఇంకోటి ఉంది. ఛానల్‌ని న్యూస్ వరసలోంచి తీసి, ఎక్కడో భక్తి ఛానళ్ళ తర్వాత, ఎవరూ వెళ్ళని నంబర్లో పెడతారు. కొన్నిసార్లు బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు. కంప్లయింట్ చేస్తే "వస్తోంది కదా" అంటారు.

తిట్లు మాత్రం గుమ్మంలో నిలబడ్డ మాకే. డబ్బు వసూలుకి వెళ్ళినప్పుడు "ఎంతకి అమ్ముడుపోయావు" అని అడిగిన పెద్దాయన ఉన్నాడు. ఆయనకి ఏం చెప్పాలి?

తాటిమట్ట
సౌండ్ లేని న్యూస్ ఛానల్ అంటే కొన్ని డిబేట్లకి అది సేవే అన్నా :)

కేబుల్‌కుర్రాడు
నవ్వొచ్చింది గానీ, మీరు మ్యూట్ నొక్కడం వేరు, ఇంకొకరు నొక్కడం వేరు.

లా_చదువుతున్నా
కేబుల్‌కుర్రాడు గారి మాటలో అసలు కిటుకు ఉంది, కొంచెం వివరిస్తాను.

రాజ్యాంగం ప్రకారం బ్రాడ్‌కాస్టింగ్ కేంద్ర జాబితాలో ఉంది. ఛానల్‌కి అనుమతి ఇచ్చేది, రద్దు చేసేది కేంద్ర సమాచార ప్రసార శాఖ. రాష్ట్ర ప్రభుత్వానికి ఒక ఛానల్‌ని నిషేధించే అధికారం నేరుగా లేదు. 1995 కేబుల్ చట్టం 19వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, పోలీస్ కమిషనర్ ఒక కార్యక్రమాన్నో ఛానల్‌నో ఆపమని ఆపరేటర్‌కి చెప్పొచ్చు. కానీ దానికి రాతపూర్వక ఆర్డర్ కావాలి. ఆర్డర్ ఉంటే కోర్టుకి వెళ్ళొచ్చు, కారణం చూపించమని అడగొచ్చు. అందుకే ఆర్డర్ ఇవ్వరు, ఫోన్ చేస్తారు. ఫోన్ మాటని హైకోర్టులో ఎలా సవాలు చేస్తారు?

ఢిల్లీ నుంచి కేంద్రం వేసే నిషేధాల్లో కనీసం కాగితం ఉంటుంది. 2016లో ఎన్‌డీటీవీ ఇండియాని నవంబర్ 9న ఒకరోజు ఆపాలని ఉత్తర్వు ఇచ్చారు. పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద ఉగ్రదాడి కవరేజీ మీద అభ్యంతరం. దేశమంతా గొడవ అయింది, ఛానల్ సుప్రీంకోర్టుకి వెళ్ళింది, ఆ తేదీ రాకముందే ప్రభుత్వం ఉత్తర్వుని పక్కన పెట్టింది. కాగితం ఉంది కాబట్టే పోరాటం సాధ్యమైంది. మన దగ్గర జరిగేది అంతకన్నా ప్రమాదం.

అమ్మని_ఇద్దరికి
అందరూ న్యూస్ గురించే మాట్లాడుతున్నారు. నా బాధ వేరు. మధ్యాహ్నం పూట క్రైమ్ కథనాల్లో హత్య ఎలా జరిగిందో నటులతో చేయించి, స్లో మోషన్‌లో, భయంకరమైన మ్యూజిక్‌తో చూపిస్తారు. మా చిన్నవాడు అది చూసి చాలా రాత్రులు ఒంటరిగా పడుకోలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఐటెం పాటకి స్టెప్పులేస్తుంటే జడ్జీలు చప్పట్లు కొట్టే షోలు సరేసరి. వీటిని ఎవరూ ఆపకూడదా? సెన్సార్ అనగానే మీకు రాజకీయం గుర్తొస్తుంది, నాకు మా వాడి భయం గుర్తొస్తుంది.

సూటిగా_సుబ్బు
బాగా చెప్పారు. సినిమాకి సెన్సార్ ఉన్నప్పుడు టీవీకి ఎందుకు ఉండకూడదు? సినిమాకి మనం వెళ్తాం. టీవీ ఇంట్లోకి వస్తుంది.

పాత_యాంటెన్నా
నేను దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజులు చూసినవాణ్ణి. టీవీ మొత్తం ప్రభుత్వం చేతిలో ఉంటే ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలియదు. వార్తలంటే మంత్రిగారు రిబ్బన్ కట్ చేశారు, మంత్రిగారు మొక్క నాటారు. మా జిల్లాలో కాల్పులు జరిగితే రాత్రి రేడియోలో బీబీసీ పెట్టుకుని విన్నాం. ఎమర్జెన్సీ సడలించాక 1977 ఫిబ్రవరిలో ఢిల్లీలో ప్రతిపక్షాల పెద్ద సభ జరిగిన రోజు, జనం ఇల్లు కదలకూడదని దూరదర్శన్‌లో హిట్ సినిమా వేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. జనం సభకే వెళ్ళారు.

ఇంకోటి చెప్పాలి. 1988లో దేశ విభజన అల్లర్ల మీద 'తమస్' సీరియల్ దూరదర్శన్‌లోనే వచ్చింది. గొడవలు అవుతాయి, ఆపండి అని కోర్టుకి వెళ్ళారు. బొంబాయి హైకోర్టు జడ్జీలు ముందు కూర్చుని దాన్ని చూశారు, తర్వాతే తీర్పు చెప్పారు. సుప్రీంకోర్టు కూడా ఆపడానికి ఒప్పుకోలేదు. ఒక దృశ్యం ప్రభావాన్ని వివేకం, మనోధైర్యం ఉన్న మామూలు మనిషి కళ్ళతో కొలవాలి గానీ, ప్రతిదాంట్లో ప్రమాదం చూసే బెదురు మనసుతో కాదు అని దాని సారాంశం. ఆ సీరియల్ మేమంతా చూశాం. మా వీధిలో ఏ గొడవా జరగలేదు. మా నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తను చూసిన 1948 సంగతులు మొదటిసారి చెప్పారు. ఆపేసి ఉంటే ఆ మాటలు మాకు దక్కేవి కావు.

అమ్మని_ఇద్దరికి
యాంటెన్నా గారూ, మీరు చెప్పింది మంచి సీరియల్. నేను అడిగేది చెత్త గురించి.

లా_చదువుతున్నా
@అమ్మని_ఇద్దరికి మేడమ్, చెత్తని ఆపడానికి అని రాసుకున్న నియమాలు ఇప్పటికే ఉన్నాయి. కేబుల్ నిబంధనల్లో రూల్ 6, ప్రోగ్రామ్ కోడ్. ఒకసారి చదవండి. మంచి అభిరుచికి, మర్యాదకి విరుద్ధంగా ఉండకూడదు. మిత్ర దేశాలను విమర్శించకూడదు. అర్ధసత్యాలు ఉండకూడదు. ఏ వ్యక్తినీ విమర్శించకూడదు, నిందించకూడదు అన్న అర్థం వచ్చే లైను కూడా ఉంది. దీన్ని పట్టుకుంటే మీరు బాధపడే క్రైమ్ షోని ఆపొచ్చు, మంత్రి అవినీతి మీద కథనాన్నీ ఆపొచ్చు. ఏది ఆపాలో తేల్చేది ఆ మంత్రి ఉన్న ప్రభుత్వమే. అదే నా అభ్యంతరం.

పిల్లల పేరుతో మొదలైంది ఎక్కడిదాకా వెళ్తుందో చూడండి. 2017 డిసెంబర్‌లో కండోమ్ ప్రకటనలు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా వేయొద్దని కేంద్ర సమాచార ప్రసార శాఖ సలహా ఇచ్చింది. రాజస్థాన్ హైకోర్టు నోటీసు ఇచ్చాక, అశ్లీలంగా ఉన్నవాటికే అని వివరణ ఇచ్చారు. 2018లో ప్రైవేటు ఛానళ్ళు 'దళిత్' అనే మాట వాడొద్దని సలహా. ఆ మాటని తమ గుర్తింపుగా ఎంచుకున్నవాళ్ళని అడిగారా? 2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టం మీద నిరసనలు జరుగుతుంటే, దేశ వ్యతిరేక ధోరణులు పెంచే దృశ్యాలు వేయొద్దని ఇంకో సలహా. వీటిలో పిల్లల్ని కాపాడింది ఏది?

న్యూస్‌డెస్క్_నైట్
నేను ఒక తెలుగు ఛానల్లో రాత్రి షిఫ్ట్ చేస్తాను. లా గారు "సలహా" అన్నారు చూశారా, న్యూస్‌రూమ్‌లో ఆ మాటకి ఉన్న బరువు బయటివాళ్ళకి తెలియదు. సలహా వచ్చిన మర్నాడు మీటింగ్‌లో ఎవరూ "ఈ వార్త వేయొద్దు" అనరు. "ఇది లీగల్‌కి పంపండి" అంటారు. లీగల్ నుంచి తిరిగి వచ్చేసరికి వార్త పాతబడిపోతుంది. ఇంకో పద్ధతి, "ఈ వారం వద్దులే, బడ్జెట్ యాడ్లు వస్తున్నాయి". ప్రభుత్వ ప్రకటనలు ఆగితే చిన్న ఛానల్ జీతాలు ఆగుతాయి. మా దగ్గర ఆగాయి కూడా.

ఒక ప్రాజెక్టు నిర్వాసితుల మీద మా రిపోర్టర్ చేసిన స్టోరీ ఎడిట్ అయిపోయి, టైటిల్ పడి, సర్వర్లో అలాగే ఉంది. దాన్ని ఎవరూ నిషేధించలేదు. ఎవరూ వేయలేదు. ఆ ఊరివాళ్ళు "ఎప్పుడు వస్తుందండీ" అని ఆ అమ్మాయికి ఇంకా ఫోన్ చేస్తున్నారు. మీకు కనిపించే నల్ల తెర కన్నా, కనిపించకుండా పోయిన ఇలాంటివి ఎన్నో రెట్లు ఎక్కువ. నల్ల తెర ఒక ఛానల్‌కే వేస్తారు. అది చూసి మిగతా ఛానళ్ళన్నీ నేర్చుకుంటాయి.

రిమోట్‌రాణి
న్యూస్‌డెస్క్ గారూ, ఆ స్టోరీ సంగతి చదివి మనసు పాడైపోయింది.

సూటిగా_సుబ్బు
సరే, ఇటు కూడా చూడండి. 2008 ముంబై దాడుల్లో కమాండోల కదలికలు లైవ్‌లో చూపించారు. అవతల ఉన్నవాళ్ళు టీవీ చూస్తూ దాడి చేసేవాళ్ళకి ఫోన్లో దారి చెప్పారు. సుప్రీంకోర్టే 2012 కసబ్ తీర్పులో ఛానళ్ళని గట్టిగా తప్పుపట్టింది. 2020లో సుదర్శన్ టీవీ, ముస్లింలు సివిల్ సర్వీసుల్లోకి కుట్రతో చొరబడుతున్నారని సిరీస్ మొదలుపెట్టింది. దాన్నీ వదిలేయాలా? స్వేచ్ఛ స్వేచ్ఛ అనేవాళ్ళు దీనికి జవాబు చెప్పండి.

తాటిమట్ట
ఇది మాత్రం గట్టి ప్రశ్న. లా గారూ మీ వంతు.

లా_చదువుతున్నా
గట్టి ప్రశ్నే. రెండూ వేరు వేరుగా చూద్దాం.

ముంబై లాంటిది: ఆపరేషన్ నడుస్తున్నంతసేపు లైవ్ వద్దు, అధికారి బ్రీఫింగ్‌కే పరిమితం కండి అనే నియమం 2015లో చేర్చారు. సమయం స్పష్టం, విషయం స్పష్టం, ప్రాణాలతో నేరుగా సంబంధం. ఇంత ఇరుకుగా రాసిన నియమంతో నాకు పేచీ లేదు. కానీ మొదటిసారి దాన్ని పెద్దగా వాడిందే ఎన్‌డీటీవీ ఇండియా మీద. తాము చెప్పిన వివరాలు అప్పటికే పత్రికల్లో, వేరే ఛానళ్ళలో వచ్చాయని ఆ ఛానల్ వాదన. ఇరుకైన నియమం కూడా ప్రభుత్వం ఒక్కటే వాడితే ఇలా అవుతుంది.

సుదర్శన్ విషయం: మిగిలిన ఎపిసోడ్లను ఆపింది సుప్రీంకోర్టు, 2020 సెప్టెంబర్‌లో. అంతకుముందు ప్రసారానికి అనుమతించింది కేంద్ర ప్రభుత్వమే. చివరికి నవంబర్‌లో ఆ ఛానల్‌ని హెచ్చరించి వదిలేసింది. అంటే ద్వేషం నుంచి మనల్ని కాపాడుతుందని మీరు ఆ అధికారం ఎవరికి ఇస్తున్నారో, వాళ్ళు అవసరమైనప్పుడు దాన్ని వాడలేదు. కోర్టులో అయితే రెండు పక్షాలూ వాదించాయి, అందరి ముందు.

దీని పక్కన మీడియావన్ కేసు పెట్టి చూడండి. మలయాళ ఛానల్. 2022 జనవరి 31న అనుమతి పునరుద్ధరించకుండా ప్రసారం ఆపించారు. కారణం "భద్రత". ఏ భద్రత? సీల్డ్ కవర్లో పెట్టి జడ్జీలకి ఇచ్చారు, ఛానల్‌కి చూపించలేదు. కేరళ హైకోర్టులో రెండుసార్లూ ఛానల్ ఓడిపోయింది. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. జాతీయ భద్రత అనే మాటని గాల్లోంచి పుట్టించి పౌరుల హక్కుల్ని కాదనలేరు అంది. ప్రభుత్వ విధానాల మీద విమర్శని వ్యవస్థ వ్యతిరేకత అనలేమనీ చెప్పింది. ఈ తీర్పు ప్రతి న్యూస్‌రూమ్ గోడ మీదా ఉండాలి.

సూటిగా_సుబ్బు
కోర్టుకి వెళ్ళేలోపు ద్వేషం ఊరంతా పాకుతుంది. కోర్టులు అంత వేగంగా పనిచేస్తాయా? మీరు చెప్పేది పుస్తకంలో బాగుంటుంది.

న్యూస్‌డెస్క్_నైట్
సుబ్బు గారి భయం నిజమే. ద్వేషం నింపే డిబేట్లు నేను లోపలినుంచి చూస్తున్నాను. న్యూస్ ఛానళ్ళు తమకి తాము పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థ వేసే జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. అది చాలా తక్కువని 2023లో సుప్రీంకోర్టు కూడా అంది. దాన్ని పెంచాలి. తప్పు చేసిన ఛానల్ అదే టైమ్‌లో, అదే సైజు అక్షరాలతో క్షమాపణ వేయాలి. పరువు నష్టానికి, విద్వేషానికి చట్టాలున్నాయి, కేసు పెట్టాలి. ఇవన్నీ ప్రసారం తర్వాత, నియమం ప్రకారం, కారణం చెప్పి చేసేవి. మంత్రిత్వ శాఖ చేతికి స్విచ్ ఇవ్వడం వేరు.

కేబుల్‌కుర్రాడు
@అమ్మని_ఇద్దరికి అక్కా, మీ సమస్యకి చిన్న దారి. మీ సెట్‌టాప్ బాక్స్ మెనూలో పేరెంటల్ లాక్ ఉంటుంది. ఛానల్ సెలెక్ట్ చేసి పిన్ పెట్టండి. పిన్ తెలియకపోతే మీ ఆపరేటర్‌ని అడగండి, ఇంటికొచ్చి పెట్టి వెళ్తాడు. మాలో చాలామంది ఇది ఎవరికీ చెప్పరు, చెప్పాలి.

అమ్మని_ఇద్దరికి
ఇది నిజంగా తెలియదు తమ్ముడూ, థాంక్స్. ఇవాళే చేస్తాను. కానీ నా ప్రశ్న పూర్తిగా తీరలేదు. లాక్ పెట్టుకోవడం తెలియని ఇళ్ళ సంగతి? డాన్స్ షోలో ఆడే ఆ పిల్ల సంగతి? ఆ పిల్ల తెర అవతల ఉంది, నా లాక్ ఆమెకి పనికిరాదు.

పాత_యాంటెన్నా
అమ్మా, ఆ పిల్ల విషయంలో నేను మీతోనే. కానీ అది పిల్లలతో పని చేయించడానికి సంబంధించిన చట్టం, బాలల హక్కుల కమిషన్ చూడాల్సిన పని. ఎన్ని గంటలు షూటింగ్, బడి మానిపించారా, ఏం చేయిస్తున్నారు అని అడగాలి. ఆ పిల్ల కోసం ఛానల్ తాళం మంత్రి చేతికి ఇస్తే, ఆయన దాన్ని ముందు వాడేది తనని ప్రశ్నించినవాళ్ళ మీదే. నా వయసులో ఇది చాలాసార్లు చూశాను.

తాటిమట్ట
2012 ఢిల్లీ అత్యాచార ఘటన మీద బీబీసీ డాక్యుమెంటరీని 2015లో ఆపినప్పుడు ఎన్‌డీటీవీ ఆ గంటసేపు ఖాళీ తెర మీద దీపం వెలుగుతున్న బొమ్మ వేసింది. గుర్తుందా? నేను గంటా చూశాను. ఆపినవాళ్ళ పేరు కూడా కనిపించింది అందులో నాకు.

లా_చదువుతున్నా
ఇంకో సంగతి, అందరూ గమనించండి. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కాస్టింగ్ సర్వీసుల బిల్లు ముసాయిదా పెట్టారు. ఇదే ప్రోగ్రామ్ కోడ్ పద్ధతిని ఓటీటీకి కూడా తెచ్చే ప్రయత్నం. 2024లో సవరించిన ముసాయిదా యూట్యూబ్‌లో వార్తలు చెప్పేవాళ్ళకీ వర్తిస్తుందని గొడవ అయ్యాక వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ రాదని కాదు. టీవీలో ఒప్పుకుంటే ఫోన్‌లోకీ వస్తుంది.

రిమోట్‌రాణి గారూ, ఇక మీ మొదటి ప్రశ్న. ముందు ఎంఎస్ఓకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి. ఏ నోటీసు ఇచ్చి ఆపారో కాపీ అడగండి. మీ జిల్లా అధికారికి సమాచార హక్కు దరఖాస్తు: "ఫలానా తేదీన 19వ సెక్షన్ కింద ఏదైనా ఉత్తర్వు ఇచ్చారా? ఇస్తే కాపీ ఇవ్వండి." లేదని జవాబు వస్తే అదే మీకు బలం. ఆర్డర్ లేకుండా ఆగిందని వాళ్ళే రాసిచ్చినట్టు. ట్రాయ్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం వినియోగదారుల బృందం టీడీఎస్ఏటీకి (ఇలాంటి తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కి) వెళ్ళొచ్చు. ఒక్కరు కాదు, బృందం. 2024లో టీవీ9 విషయంలో ఢిల్లీ హైకోర్టు ఆపరేటర్లని ప్రసారం మళ్ళీ మొదలుపెట్టమంది కూడా.

రిమోట్‌రాణి
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో అడిగాను. కొంతమంది వస్తామన్నారు. కొంతమంది "ఆ ఛానల్ పోతే పీడా పోయింది" అన్నారు. వాళ్ళకి ఇష్టమైన ఛానల్ పోయినప్పుడు కూడా నేను సంతకం పెడతానని చెప్పాను. ఇద్దరు మనసు మార్చుకున్నారు.

సూటిగా_సుబ్బు
నోటీసు ఇవ్వకుండా ఆపడం తప్పే, ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను. టీవీకి అసలు నియంత్రణే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

న్యూస్‌డెస్క్_నైట్
వద్దని ఇక్కడ ఎవరూ అనలేదు సుబ్బు గారూ. ఎవరి చేతిలో ఉండాలన్నదే గొడవ.

కేబుల్‌కుర్రాడు
రాణి మేడమ్, ఒక పని ఇవాళే చేయండి. ఆ నంబర్ నొక్కి, నల్ల తెర, పక్క ఛానల్ రెండూ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీయండి, తేదీ పడాలి. ఈ నెల రసీదు, ప్యాకేజీ లిస్టు దాచుకోండి. సడెన్‌గా రేపు ఛానల్ వచ్చేసి "ఎప్పుడూ ఆగలేదే" అంటారు. దరఖాస్తులో మీ ఆపరేటర్ పేరు కాకుండా ఎంఎస్ఓ పేరు రాయండి, ఆ కుర్రాడి చేతిలో ఏమీ ఉండదు.

రిమోట్‌రాణి
వీడియో తీశాను. ఎంఎస్ఓ పేరు రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. లా గారూ, సమాచార హక్కు దరఖాస్తు తెలుగులో ఇవ్వొచ్చా?

లా_చదువుతున్నా
ఇవ్వొచ్చు. డ్రాఫ్ట్ రాసి రాత్రికి ఇక్కడే పెడతాను. మిగతా జిల్లాల వాళ్ళు పేరు, తేదీ మార్చుకుని వాడుకోండి.